మూడో వరస

మా బావ నోట్‌బుక్కులో మొదట గీసింది రెండు వరసలే. ఎర్ర మార్జిను ఉన్న లాంగ్ నోట్‌బుక్కు, స్కేలు పెట్టి నడిమధ్య ఒక నిలువు గీత. ఎడమ పక్క పైన "పుట్టుకతో" అని రాశాడు, కుడి పక్క "తర్వాత" అని. అవి 1994 ఎండాకాలం సెలవులు. బావ అంటే మా మేనత్త కొడుకు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఆదివారం పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని అబిడ్స్‌కి తీసుకెళ్ళేవాడు. మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరిచేవాళ్ళు. ఎంట్రన్సు గైడ్ల కింద, అట్టలూడిన నవలల మధ్య, ఎక్కడెక్కడినుంచో వచ్చిపడ్డ అమెరికన్ కామిక్సు ఉండేవి. ఒక్కోటి అయిదు రూపాయలు. బేరమాడితే పదికి మూడు.

అవి వరసగా దొరికేవి కావు. ఒక కథకి నడుం దొరికేది, తల దొరికేది కాదు. ఇంకో కథకి ఆఖరి పేజీ ఎవరో చింపేసి ఉండేది. పోయిన వారం చేతికొచ్చిన పుస్తకంలో దుర్మార్గుడిగా కనిపించినవాడు ఈ వారం పుస్తకంలో మంచివాళ్ళ పక్కన నిలబడి ఉండేవాడు. మధ్యలో ఏం జరిగిందో చెప్పేవాళ్ళు లేరు. మేమే ఊహించుకోవాలి, ఊహించింది నిలబెట్టుకోవాలి. మా వాదనలన్నీ ఆ దొరకని పేజీల్లోంచి పుట్టినవే. పూర్తి కథ చేతిలో ఉన్నవాడు చదివి పక్కన పెడతాడు. సగం కథ ఉన్నవాడు రాత్రంతా మేలుకుని మిగతా సగం కడతాడు.

మొదటి ప్రశ్న నాదే. స్పైడర్‌మ్యాన్ మ్యూటెంటా?

"కాదురా. వాణ్ణి సాలీడు కరిచింది. కరవకముందు వాడూ మనలాంటివాడే. మ్యూటెంట్ అంటే తల్లి కడుపులో ఉన్నప్పుడే అది వాడిలో ఉండాలి. బయటపడ్డం మీసాలొచ్చే వయసులో బయటపడుతుంది, అంతే."

మీసాల మాట నాకు బాగా పట్టింది. పదకొండేళ్ళవాణ్ణి. నాలో ఏదైనా ఉందేమో, ఇంకా బయటపడలేదేమో అనిపించింది. ఆ రాత్రి డాబా మీద పడుకుని, చేతులు కళ్ళ ముందు పెట్టుకుని చాలాసేపు చూసుకున్నాను. ఆ కథలు చదివిన పిల్లలు ఏ దేశంలో ఉన్నా ఒక్కసారైనా అలా చేతులు చూసుకునే ఉంటారు.

మ్యూటెంట్ల జట్టు ఎక్స్‌మెన్ మొదటి సంచిక 1963 సెప్టెంబరు తేదీతో వచ్చింది. రాసింది స్టాన్ లీ, బొమ్మలు జాక్ కర్బీ. అప్పటికే గామా కిరణాలు తగిలి హల్క్ పుట్టాడు, కాస్మిక్ కిరణాలు సోకి ఫెంటాస్టిక్ ఫోర్ వచ్చారు, సాలీడు కరిచి స్పైడర్‌మ్యాన్ తయారయ్యాడు. ప్రతి కొత్త మనిషికీ ఒక కొత్త ప్రమాదం ఎక్కడినుంచి తెచ్చేది? వీళ్ళు పుట్టుకతోనే ఇలా ఉన్నారంటే సరిపోతుందని తోచిందని స్టాన్ లీ తర్వాతి రోజుల్లో చెప్పాడు. పత్రికకి "ది మ్యూటెంట్స్" అని పేరు పెట్టాలనుకుంటే ప్రచురణకర్త మార్టిన్ గుడ్‌మన్ ఒప్పుకోలేదట, ఆ మాట పాఠకులకి తెలియదని. పని సులువవుతుందని ఎంచుకున్న దారి అది. అయితే "పుట్టుకతో" అన్నాక దాని వెంట రావలసినవన్నీ వచ్చాయి. అదే ఊళ్ళో ప్రమాదంలో బలం వచ్చినవాళ్ళకి జనం చప్పట్లు కొడతారు. పుట్టుకతో బలం ఉన్నవాళ్ళని చూస్తే తలుపులు వేసుకుంటారు. 1965 కల్లా సెంటినెల్స్ వచ్చాయి. మ్యూటెంట్లని వెతికి పట్టుకోవడానికే చేసిన మేడంత యంత్రాలు అవి.

కాబట్టి ఎవరు ఏ వరసలోకి వస్తారన్నది ఆ కథల్లో ప్రాణం మీదికొచ్చే ప్రశ్న. పుట్టుకతో అనే మాటకి ఎంత బరువుందో మనవాళ్ళకి విడమరిచి చెప్పనక్కర్లేదు. కొత్త చోట పేరు చెప్పగానే "ఇంటిపేరేంటి? ఏ ఊరు?" అని మెల్లగా చుట్టూ తిరిగే ప్రశ్న అసలు దేనికోసం తిరుగుతోందో మన పిల్లలకి అయిదో క్లాసు దాటకముందే తెలిసిపోతుంది. ఆ నోట్‌బుక్కు మీద వంగి కూర్చున్న మా ఇద్దరికీ తెలుసు. దాని గురించి ఒక్క మాట అనుకోలేదు గాని, వరసలు గీస్తున్నప్పుడు మా చేతుల్లో ఆ జాగ్రత్త ఉండేది.

రెండు వరసలూ పదిహేను రోజులు కూడా నిలవలేదు.

చెడగొట్టింది వుల్వరీన్. 1974లో హల్క్ పత్రికలో మొదటిసారి కనిపించాడు. అతని లోహపు గోళ్ళు చేతి తొడుగులకి అమర్చినవే అని మొదట అనుకున్నారు. కాదు, లోపలినుంచే వస్తాయని 1976లో తేలింది. అప్పటికీ వాటిని ఎవరో శస్త్రచికిత్స చేసి పెట్టారనే పాఠకులంతా నమ్మారు. 1993లో ఎక్స్‌మెన్ శత్రువు మాగ్నీటో అతని ఎముకలకి పట్టించిన లోహాన్నంతా ఒంట్లోంచి లాగేశాడు. తర్వాత చూస్తే లోహం పోయినా గోళ్ళు ఉన్నాయి, ఎముకతో చేసినవి. అవి మొదటినుంచీ అతనివే. దాదాపు ఇరవై ఏళ్ళు "తర్వాత" వరసలో ఉన్నది ఒక్క సంచికతో "పుట్టుకతో" వరసలోకి వచ్చేసింది. ఆ పుస్తకం బావ చేతికి ఎలా వచ్చిందో గుర్తులేదు. గోళ్ళు కొట్టేసి మొదటి వరసలో రాసి, లోహాన్ని మాత్రం రెండో వరసలో ఉంచాడు. ఒకే మనిషి ఒంటిని రెండుగా కోసినట్టుంది ఆ పేజీ.

తర్వాత బీస్ట్. పెద్ద చేతులు, పెద్ద పాదాలు పుట్టుకతో వచ్చినవి. ఒళ్ళంతా కప్పిన బొచ్చు 1972లో తను తయారుచేసిన మందు తనే తాగితే వచ్చింది. అభిమానులు ఎప్పుడు బొమ్మ వేసినా ఆ బొచ్చుతోనే వేస్తారు. మరి బీస్ట్ అంటే ఏది, పాదాలా బొచ్చా? ఆ తర్వాత నేమర్. 1939లో పుట్టిన పాత్ర, అట్లాంటిస్ రాకుమారికీ అమెరికన్ ఓడ కెప్టెన్‌కీ కొడుకు. ఎక్స్‌మెన్ రావడానికి దాదాపు పాతికేళ్ళ ముందటివాడు. 1964లో ఎక్స్‌మెన్ వాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళారు, 1990 నాటి అతని సొంత పత్రిక తొలి మ్యూటెంట్ అతనే అని అట్ట మీద చాటింది. రెండు జాతుల బిడ్డ కావడం వేరు, మ్యూటెంట్ కావడం వేరని నేను. మడమలకి రెక్కలు తల్లి వైపూ లేవు తండ్రి వైపూ లేవు, మరెక్కడివి అని బావ. ఆ రోజు బావే నెగ్గాడు.

క్లోక్, డాగర్ అనే జంట ఉంది. వాళ్ళకి బలవంతంగా మత్తుమందు ఎక్కించడం వల్ల శక్తులు వచ్చాయని 1982లో చెప్పారు. 1988లో వాళ్ళ పత్రిక పేరులోనే మ్యూటెంట్ అన్న మాట చేర్చారు, మందు వాళ్ళలో నిద్రపోతున్నదాన్ని లేపిందన్నారు. అదీ నిలవలేదు, ఇంకో కథలో కాదు పొమ్మన్నారు. వాళ్ళ పేర్లు కొట్టేసి రాసి, కొట్టేసి రాసి ఆ చోట కాగితం చిరిగింది. అప్పుడు బావ కుడి మార్జిను పక్కన ఇంకో గీత గీశాడు. మూడో వరస. దానికి పేరు పెట్టలేదు.

మేం ఇద్దరం అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాలతో చేస్తున్న పని అమెరికాలో లక్షలమంది చేస్తున్నారని చాలాకాలం మాకు తెలియదు. ఆ పత్రికల వెనక పేజీల్లో ఉత్తరాలుండేవి. ఫలానా సంచికలో ఇలా అన్నారు, ఇప్పుడు ఇలా అంటున్నారు, ఎలా కుదురుతుందని పాఠకులు నిలదీసేవాళ్ళు. తప్పు పట్టుకోవడమే కాక అది తప్పెందుకు కాదో కూడా చెప్పగలిగినవాళ్ళకి ప్రచురణ సంస్థ మార్వెల్ "నో ప్రైజ్" అని ఒక బహుమతి పంపేది. తపాలాలో కవరు వచ్చేది, లోపల ఏమీ ఉండేది కాదు. ఆ ఖాళీ కవర్లని జనం దశాబ్దాల పాటు దాచుకున్నారు. నాకు ఆ సంగతి తెలిసినప్పుడు మా నోట్‌బుక్కు మీద ఇష్టం ఇంకా పెరిగింది. కథలో చిరుగు కనిపిస్తే దాన్ని విడిచిపెట్టి పోకుండా సూదీదారం పట్టుకుని కూర్చునే పాఠకులు ఆ కథకి సగం సొంతదారులు.

ఆ సొంతదారుల్ని అడగకుండా తీర్పులు వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఒకటి నిజంగానే కోర్టు తీర్పు. అమెరికాలో అప్పటి దిగుమతి సుంకం చట్టం ప్రకారం మనిషి రూపమైతే అది "డాల్", పన్ను 12 శాతం. మనిషి కానిదైతే "టాయ్", 6.8 శాతం. మార్వెల్ సొంత బొమ్మల కంపెనీ టాయ్ బిజ్ కోర్టుకెక్కింది, ఎక్స్‌మెన్ బొమ్మలు మనుషుల బొమ్మలు కావు కాబట్టి తక్కువ పన్ను వేయాలని. 2003లో అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానం జడ్జి జూడిత్ బర్జిలే కంపెనీ వైపే తీర్పిచ్చారు. నలభై ఏళ్ళుగా జట్టు గురువు ప్రొఫెసర్ ఎక్స్ ప్రతి సంచికలో చెబుతున్నది ఒకటే మాట, మేమూ మనుషులమే అని. ఆ మాట అమ్ముకుని బతుకుతున్న కంపెనీయే పన్ను తగ్గుతుందని కోర్టులో దాన్ని వదులుకుంది. చాలామంది అభిమానులకి మనసు విరిగింది. బావ అప్పటికి న్యూజెర్సీ వెళ్ళి రెండేళ్ళయింది. నాకు ఫోను చేసి, "వీళ్ళ పేర్లు ఏ వరసలోనూ లేకుండా చేశార్రా," అన్నాడు.

అయినా బావని నిజంగా కదిలించింది వాండా విషయం. దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

స్కార్లెట్ విచ్ అనే వాండా, ఆమె కవల సోదరుడు క్విక్‌సిల్వర్ అనే పియెట్రో 1964 మార్చిలో ఎక్స్‌మెన్ నాలుగో సంచికలో మాగ్నీటో మనుషులుగా వచ్చారు. దుర్మార్గం నచ్చి వచ్చినవాళ్ళు కారు. ఊరి జనం వాండా మీద పడి చంపబోతుంటే మాగ్నీటో కాపాడాడు, ఆ రుణం కోసం వచ్చారు. 1965లో మాగ్నీటోని విడిచి అవెంజర్స్ అనే హీరోల జట్టులో చేరారు. తల్లిదండ్రులెవరో తెలియదు. 1974లో ఒక కథ వేరే హీరో దంపతుల్ని వాళ్ళ తల్లిదండ్రులంది, తర్వాత కాదంది. 1982లో తేలింది, తండ్రి మాగ్నీటోయే. ఏ మనిషి నీడనించి పారిపోయి వచ్చారో ఆ మనిషే తండ్రి. రాసినవాళ్ళు ఎప్పుడో అనుకుని దాచిపెట్టిన రహస్యం కాదది, పద్దెనిమిదేళ్ళ తర్వాత వెనక్కి వెళ్ళి కుట్టింది. కానీ ఎంత బాగా కుదిరిందంటే, పాత సంచికలు మళ్ళీ తీసి చదివితే ప్రతి పేజీలో ఆ తండ్రి కనిపించేవాడు. బావ నోట్‌బుక్కులో వాండా పేరు మొదటి వరసలో, పచ్చ సిరాతో ఉంది.

2005లో "హౌస్ ఆఫ్ ఎమ్" కథలో, బిడ్డల్ని పోగొట్టుకున్న దుఃఖంలో, వాండా మూడు మాటలతో ప్రపంచంలో మ్యూటెంట్లే లేకుండా పోవాలని కోరుకుంది. లక్షలమంది శక్తులు పోగొట్టుకున్నారు. మిగిలినవాళ్ళ లెక్క 198 అని ప్రసిద్ధికెక్కింది. మాగ్నీటో శక్తులు కూడా పోయాయి. తన జాతిని తనే తుడిచేసిన ఆడమనిషి కథ అది. ఆమె ఆ జాతిలోది కాకపోతే ఆ కథకి ప్రాణమే లేదు.

2014లో వాండా ఒక మంత్రం ప్రయోగించింది. ఆ మంత్రం తన రక్తసంబంధీకుల్నే తాకాలి. మాగ్నీటోని తాకలేదు. తండ్రి కాదన్నమాట. 2015లో మరో కథ మిగతాది పూర్తి చేసింది. వాళ్ళసలు మ్యూటెంట్లే కారు, పసిపిల్లలుగా ఉన్నప్పుడు హై ఎవల్యూషనరీ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగాల ఫలితం. అప్పటికి ఎక్స్‌మెన్ సినిమా హక్కులు ఫాక్స్ చేతిలో ఉన్నాయి, అవెంజర్స్ సినిమాలు మార్వెల్ సొంతంగా తీసుకుంటోంది. ఈ కవలలు రెండు వైపులా ఉన్నవాళ్ళు కాబట్టి రెండు సంస్థలూ వాడుకోవచ్చు. 2014లో ఫాక్స్ సినిమాలో ఒక పియెట్రో, 2015లో అవెంజర్స్ సినిమాలో ఇంకో పియెట్రో. మార్వెల్ సినిమాలో మాత్రం అప్పట్లో మ్యూటెంట్ అన్న మాట పలకడానికి వీల్లేకపోయింది, అందుకని అక్కడ వాళ్ళు ప్రయోగాల వల్ల తయారైనవాళ్ళు. కాగితం మీది మార్పు ఆ ఒప్పందం నీడలోనే జరిగిందని చాలామంది అభిమానులు నమ్ముతారు. నేనూ నమ్ముతాను.

బావ ఫోను చేసింది అర్ధరాత్రి, మా లెక్కలో. ముప్పైరెండేళ్ళు తండ్రి, ఒక్క సంచికతో కాకుండా పోయాడని అంటుంటే గొంతు మామూలుగా లేదు. కథలో మార్పులు అతనికి కొత్త కాదు. గోళ్ళు ఒక వరసలోంచి ఇంకో వరసలోకి వెళ్ళినప్పుడు సంబరపడ్డ మనిషి. ఇప్పుడెందుకింత బాధ? నేను అడిగాను. "అప్పుడు లోపల ఉన్నది బయటపడిందిరా. ఇప్పుడు ఉన్నదాన్ని తీసుకుపోయారు." నాకు ఆ తేడా ఇప్పటికీ సరైనదే అనిపిస్తుంది. 2020లో ఫెంటాస్టిక్ ఫోర్ దంపతుల కొడుకు ఫ్రాంక్లిన్‌కీ అదే జరిగింది. 1968లో పుట్టి, అంతటి మ్యూటెంట్ ఇంకొకడు లేడని పేరు తెచ్చుకున్న కుర్రవాడు. వాడు మ్యూటెంట్ కానే కాదని, తనకే తెలియకుండా తన శక్తితో తన జన్యువుల్ని అలా మార్చుకున్నాడని చెప్పారు. అంటే మ్యూటెంట్ కావాలని వాడికి అంత కోరిక. అంత కోరుకున్న పిల్లవాణ్ణి గుమ్మం దగ్గరినుంచి వెనక్కి పంపించడం నాకు నచ్చలేదు. స్క్విరల్ గర్ల్ విషయంలో కూడా మొదట మ్యూటెంట్ అని చెప్పినదాన్ని 2015లో వైద్యుడి నోట కాదనిపించారు గాని, ఆ అమ్మాయి దానికి చెక్కు చెదరలేదు. అందరూ అలా ఉండలేరు.

జట్టు సంగతి దీనికంటే వేరు. అయినా అభిమానులు రెండూ కలిపేసి వాదిస్తారు. మేమూ కలిపాం చాలాకాలం.

ఎక్స్‌మెన్ అంటే మ్యూటెంట్ల జట్టు, కాబట్టి మ్యూటెంట్ కానివాడు ఎక్స్‌మ్యాన్ కాడు. వినడానికి తిరుగులేనట్టుంటుంది. కానీ 1966లోనే మిమిక్ వచ్చాడు. తండ్రి ప్రయోగశాలలో ఏవో వాయువులు పీల్చి, పక్కనున్నవాళ్ళ శక్తుల్ని అనుకరించే శక్తి సంపాదించాడు. ఎక్స్‌మెన్ వాణ్ణి చేర్చుకున్నారు. జట్టుకి మూడేళ్ళు నిండేసరికే రూలు పోయింది. జగ్గర్‌నాట్ కెయిన్ మార్కో సంగతి చూడండి. ప్రొఫెసర్‌కి సవతి సోదరుడి వరస, మంత్రపు మణివల్ల బలం వచ్చింది, 1965లో జట్టు మీదికి గోడలు పగలగొట్టుకుంటూ వచ్చాడు. 2024లో కొత్తగా కట్టిన ఎక్స్‌మెన్ జట్టులో వాడున్నాడు. అటు అవెంజర్స్‌లో మొదటి సంచికలో ఉన్న హల్క్ రెండో సంచికలోనే వెళ్ళిపోయాడు. నాలుగో సంచికలో మంచులోంచి బయటికి వచ్చిన కెప్టెన్ అమెరికాకి వ్యవస్థాపకుడి హోదా ఇచ్చారు. పుట్టినప్పుడు లేనివాణ్ణి పుట్టుకలోకి తీసుకోవడం అది.

నాకు అందరికంటే గుర్తుండిపోయింది కరిమా షాపందార్. 2000లో వచ్చిన పాత్ర, భారతీయ పోలీసు అధికారి. మ్యూటెంట్ కాదు. అంతకంటే దూరం, ఆమె ఒంట్లో సెంటినెల్ యంత్రాన్ని ఎక్కించారు, మ్యూటెంట్లని వేటాడటానికి. 2006లో రోగ్ నడిపిన ఎక్స్‌మెన్ జట్టులో ఆమె సభ్యురాలు. ఎవర్ని చంపడానికి తయారుచేశారో వాళ్ళ పక్కన నిలబడి పోరాడింది. తర్వాతి కాలంలో ఆమె కథని మరో దారికి మళ్ళించారు, ఆ దారి నాకు ఇష్టం లేదు. కానీ ఆ జట్టు సంచికలు ఉన్నాయి, వాటిని ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

దీన్ని చెప్పడానికి మనకి మంచి మాట ఉంది. వరస కలుపుకోవడం. రైల్లో ఎదుటి బెర్తులో కూర్చున్న ముసలాయన రెండు స్టేషన్లు దాటేసరికి బాబాయవుతాడు. పక్కింటావిడ అత్తయ్య. రక్తం చూసి కాదు, నిలబడ్డ చోటు చూసి. మా ఇంటి ఎదురుగా మిషన్ కుట్టే ఒకాయన ఉండేవాడు. మా కులం కాదు, మతం కూడా కాదు. నాన్న ఆసుపత్రిలో ఉన్న పదకొండు రోజులూ రాత్రిళ్ళు ఆయనే పక్కన పడుకున్నాడు. మా అక్క పెళ్ళిలో ఫోటోగ్రాఫరు "ఇంటివాళ్ళు మాత్రం రండి" అంటే, ఆయన చేతిలో నీళ్ళ బిందెతో పక్కకి తప్పుకున్నాడు. మా నాయనమ్మ కుర్చీలోంచే కేకేసింది, "ఎక్కడికిరా? నువ్వేమన్నా చుట్టానివా, పక్కన నిలబడ్డానికి!" ఆ ఫోటోలో ఆయన నాన్న భుజం మీద చెయ్యి వేసి ఉంటాడు.

ఆ ఫోటో నాకు ప్రాణం. కానీ ఇంకొకటి కూడా చెప్పాలి. అదే నాయనమ్మ అందరికీ వరస కలపలేదు. పెరటి గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడి వెళ్ళినవాళ్ళున్నారు, వాళ్ళని ఏ ఫోటోలోకీ పిలవలేదు. వరస కలపడమన్నది ఎంత అందమైనదైనా లోపలున్నవాళ్ళ చేతిలో పని. పిలిస్తే వస్తారు. పిలవకపోతే? ఎక్స్‌మెన్ జట్టులో చివరి స్థానంలో ఎవరు ఉండాలో చెప్పమని 2021లో మార్వెల్ అభిమానుల్నే ఓటడిగింది. పొలారిస్ గెలిచింది. మాగ్నీటో కూతురని 1968లో చెప్పి, కాదని, చాలా ఏళ్ళకి మళ్ళీ అవునని అన్న పాత్ర. నేను సంతోషించాను. ఓడిపోయినవాళ్ళ పేర్లు కూడా చూశాను.

పిలవకపోతే ఏమిటన్న ఆలోచన నాకు కలిగించింది బావ కూతురు. న్యూజెర్సీలో పుట్టి పెరిగిన పిల్ల, ఇప్పుడు పధ్నాలుగేళ్ళు. తన మొదటి కామిక్ మిజ్ మార్వెల్, కమలా ఖాన్ కథ. పాకిస్తానీ కుటుంబం, జెర్సీ సిటీ, గుడికి బదులు మసీదు, మిగతాదంతా తమ ఇల్లే అనిపించిందట. 2014లో సొంత పత్రిక మొదలైనప్పుడు కమల మ్యూటెంట్ కాదు, ఇన్‌హ్యూమన్. ఒక పొగమంచు తాకి ఆమె శక్తి బయటపడింది. 2022లో టీవీ సిరీస్ ఆఖర్లో ఆమె జన్యువుల్లో మార్పుందని అన్నారు. 2023లో కామిక్స్‌లో ఆమె చనిపోయి, మ్యూటెంట్‌గా తిరిగి వచ్చింది. ఇప్పుడు రెండూ. ఆ పాత్ర వేసిన ఇమాన్ వెల్లానీ చిన్నప్పటినుంచీ ఈ కథల అభిమాని, మ్యూటెంట్ కమల కథని రాసినవాళ్ళలో తనూ ఒకతె. ఆ సంగతి మా పిల్ల నాకు గర్వంగా చెప్పింది.

పోయిన డిసెంబరులో హైదరాబాదు వచ్చింది. అటక మీద ట్రంకుపెట్టెలోంచి నోట్‌బుక్కు తీసి చూపించాను. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది, ఆదివారం తెలుగు బడికి వెళ్తుంది. వాండా పేరు దగ్గర ఆగింది. 2015 తర్వాత ఎప్పుడో సెలవులకి వచ్చినప్పుడు బావ ఆ పచ్చ సిరా పేరుని కొట్టేసి, మూడో వరసలో మళ్ళీ రాశాడు.

"మామయ్యా, మీరూ నాన్నా ఇన్నేళ్ళు వాదించారు కదా. వాండా తనేమనుకుంటుందో ఎప్పుడన్నా మాట్లాడుకున్నారా?"

లేదు. తండ్రెవరు, ప్రయోగం ఎవరు చేశారు, హక్కులెవరివి, అన్నీ మాట్లాడుకున్నాం. జనం ఆమె మీద పడ్డప్పుడు ఎవరూ రక్తపరీక్ష చేసి పడలేదు. మ్యూటెంట్ అని తరిమితే మ్యూటెంట్‌గానే పరిగెత్తింది, మ్యూటెంట్‌గానే పెరిగింది, ఆ పేరుతోనే జట్టులో నిలబడింది. యాభై ఏళ్ళు ఒక పేరుతో దెబ్బలు తిన్నాక, ఆ పేరు నీది కాదని వచ్చి చెప్పేవాడికి ఆ దెబ్బలు కూడా వెనక్కి తీసుకునే శక్తి ఉండాలి. పిల్లకి ఇదంతా చెప్పలేదు. అప్పటికప్పుడు నాకు ఇంత స్పష్టంగా తోచలేదు.

తనే కిట్టీ ప్రైడ్ సంగతి ఎత్తింది. 2019లో జొనాథన్ హిక్‌మన్ మొదలుపెట్టిన కథల్లో మ్యూటెంట్లకి క్రకోవా అని ఒక దీవి దొరుకుతుంది, తమ దేశమే. లోకమంతటా పూల తీగలతో అల్లిన ద్వారాలు, ఏ మ్యూటెంటయినా అడుగు పెడితే దీవిలో తేలుతాడు. కిట్టీ 1980లో పదమూడేళ్ళ పిల్లగా వచ్చింది, గోడల్లోంచి నడిచిపోగలదు. మ్యూటెంట్ అని ఎవరికీ అనుమానం లేని పాత్ర. ద్వారంలోకి నడిచింది, ద్వారం గోడలా అడ్డం నిలబడింది. ముక్కు పగిలింది. ఏ గోడా ఆపలేని పిల్లని తన సొంత ఇంటి గుమ్మం ఆపింది. ఆమె ఎవరి తీర్పు కోసమూ అక్కడ కూర్చోలేదు. పడవెక్కి సముద్రం మీదుగా దీవికి చేరింది. తర్వాత ఆ పనే మొదలుపెట్టింది, ద్వారాల దాకా రాలేని మ్యూటెంట్లని ఓడలో వెళ్ళి తీసుకొచ్చే పని.

పిల్ల కలం అడిగింది. మూడో వరసలో వాండా కింద "కమల" అని రాసింది, మూడక్షరాలూ గుండ్రంగా. తర్వాత పేజీలు వెనక్కి తిప్పి మొదటి వరసలో వాళ్ళ నాన్న చేతిరాతలో ఉన్న కిట్టీ పేరు వెతికి పట్టుకుంది. దాన్ని కొట్టెయ్యలేదు. మూడో వరసకి వచ్చి అక్కడ కూడా "కిట్టి" అని మొదలుపెట్టింది. వీడియో కాల్లో బావ చూస్తూనే ఉన్నాడు. అక్కడ ఇంకా తెల్లవారలేదు.

"ఒక పేరు రెండు చోట్ల రాయకూడదమ్మా. ఏదో ఒక వరసలోనే ఉండాలి."

"పడవలో వచ్చింది కదా నాన్నా," అని దీర్ఘం కూడా పెట్టింది.